విశాఖ క్యాంపస్‌లకు నాయకులు వస్తున్నారు, ఇంటర్న్‌షిప్‌లు ఎవరికి దొరుకుతున్నాయి?

క్లుప్తంగా: విశాఖలో చదివే విద్యార్థులకు రాజకీయ నాయకుల ప్రసంగాలు వినే అవకాశం బాగానే ఉంది. ఆ ప్రసంగం దగ్గర నుంచి ఒక ఎంపీ ఆఫీసులోనో, నగరపాలక సంస్థలోనో పని నేర్చుకునే దాకా వెళ్లే దారి మాత్రం ఎక్కడా రాసిపెట్టి లేదు, అందుకే అది ఎక్కువగా తెలిసినవాళ్ల ద్వారా నడుస్తోంది. పైగా ఇంటర్న్‌షిప్ అన్న ఒక్క పేరుతో రకరకాల పథకాలున్నాయి, కొన్నింటికి చదువుకుంటున్నవాళ్లు అసలు అర్హులే కారు.

ఒకే గ్రౌండు, రెండు రకాల సభలు

ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ గ్రౌండులో 2022 నవంబర్ 12న, మళ్లీ 2025 జనవరి 8న ప్రధాని నరేంద్ర మోదీ బహిరంగ సభలు జరిగాయి. 2025 నవంబర్‌లో పారిశ్రామిక సమాఖ్య సీఐఐ భాగస్వామ్య సదస్సుకూ అదే ప్రాంగణం వేదికైంది. ఇలాంటి వాటికి స్థలం యూనివర్సిటీదే, కార్యక్రమం మాత్రం యూనివర్సిటీది కాదు. ఎవరు మాట్లాడాలి, ఎంతసేపు మాట్లాడాలి, ముందు వరుసలో ఎవరు కూర్చోవాలి అన్నది ప్రభుత్వమో, పార్టీయో, భద్రతా విభాగమో తేలుస్తుంది. అక్కడికి వెళ్లిన విద్యార్థి వేలమంది శ్రోతల్లో ఒకడు, మైకు అతని చేతికి రాదు.

అదే యూనివర్సిటీలోని వైవీఎస్ మూర్తి ఆడిటోరియంలోనో, ఒక డిపార్ట్‌మెంట్ సెమినార్ హాల్లోనో రెండొందల మంది ముందు ఒక ఎంపీ, ఒక మాజీ మంత్రి, లేదా ఒక కార్పొరేటర్ వచ్చి మాట్లాడటం వేరే సంగతి. అక్కడ అంశం ముందే చెప్తారు, ప్రశ్నలకు సమయం ఉంటుంది, ఉండాలి కూడా. చర్చల్లో ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేయడం వల్ల క్యాంపస్‌లో రాజకీయాలు వద్దనేవాళ్లూ, కావాలనేవాళ్లూ వేర్వేరు విషయాల మీద వాదించుకుంటున్నారు. క్లాసులు ఆపి జనాన్ని నింపే సభ మీద అభ్యంతరం సబబే. ఆ అభ్యంతరం చూపించి సెమినార్ హాల్లో జరగాల్సిన చర్చను కూడా ఆపేస్తే నష్టపోయేది విద్యార్థులే.

యూనియన్ ఎన్నికలు ఆగాక పిలిచేది ఎవరు?

ఈ యూనివర్సిటీకి రాజకీయాలు కొత్తేమీ కాదు. 1926లో మొదలైన సంస్థకు తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా పదవి వదులుకున్నారు, ఆ తర్వాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ కుర్చీలోకి వచ్చారు. 1966లో "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" ఉద్యమంలో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, ఆ ఏడాది నవంబర్ 1న నగరంలో జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఇక్కడే లా చదివిన వెంకయ్యనాయుడు 1973-74లో ఆంధ్రా యూనివర్సిటీ కాలేజీల విద్యార్థి సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నికై, చివరికి ఉపరాష్ట్రపతి దాకా వెళ్లారు. లోక్‌సభ స్పీకర్‌గా పనిచేసిన జీఎంసీ బాలయోగి కూడా ఈ యూనివర్సిటీలో చదివినవారే.

ఇప్పుడు పరిస్థితి వేరు. రాష్ట్ర యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘాలకు ప్రత్యక్ష ఎన్నికలు దశాబ్దాలుగా జరగడం లేదు. విద్యార్థి సంఘాల ఎన్నికల మీద వేసిన లింగ్డో కమిటీ సిఫార్సులను సుప్రీంకోర్టు 2006లో ఆమోదించింది, అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదని, 75 శాతం హాజరు ఉండాలని అందులో ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆ నిబంధనల కిందే ఎన్నికలు జరుగుతున్నాయి. మన దగ్గర మాత్రం ఏబీవీపీ, ఎస్ఎఫ్ఐ, ఏఐఎస్ఎఫ్, ఎన్ఎస్‌యూఐ లాంటి సంఘాలున్నాయి కానీ అందరు విద్యార్థుల తరఫునా మాట్లాడే ఎన్నికైన వేదిక లేదు.

దీని ప్రభావం ఎన్నికల దగ్గరే ఆగలేదు. ఎన్నికైన సంఘం ఉంటే ప్రసంగించే అతిథిని పిలిచే అధికారం కొంతైనా విద్యార్థుల చేతిలో ఉంటుంది, ఈ నెల అధికార పార్టీ నాయకుణ్ని పిలిస్తే వచ్చే నెల ప్రతిపక్షం వాళ్లను పిలవమని అడిగేవాళ్లు సంఘంలోనే ఉంటారు. అది లేనప్పుడు పిలిచేది యాజమాన్యమో, డిపార్ట్‌మెంటో, లేదంటే ఒక పార్టీకి అనుబంధంగా ఉన్న విద్యార్థి సంఘమో అవుతుంది. యాజమాన్యం సహజంగా ఇబ్బంది రాని అతిథినే ఎంచుకుంటుంది, అధికారంలో ఉన్నవాళ్లను పిలవడం సులువు, లేనివాళ్లను పిలిస్తే ఎందుకు పిలిచారని అడిగేవాళ్లు తయారవుతారు. అనుబంధ సంఘం తన పార్టీ వాళ్లనే పిలుస్తుంది. ఎవరి కారణం వాళ్లకుంది, కానీ మూడేళ్ల డిగ్రీలో ఒక విద్యార్థి ఒకే వైపు మాటలు వినిపోయే ప్రమాదం ఇక్కడే పుడుతోంది.

ఆక్స్‌ఫర్డ్ యూనియన్ 1823 నుంచి, కేంబ్రిడ్జ్ యూనియన్ 1815 నుంచి నడుస్తున్నాయి. రెండూ యూనివర్సిటీ పాలనా విభాగంలో భాగాలు కావు, విద్యార్థులే నడుపుకునే చర్చా సంఘాలు. అంత చరిత్ర, అంత డబ్బు ఇక్కడ లేకపోవచ్చు. అతిథుల ఎంపికలో విద్యార్థుల ప్రతినిధులు కూర్చోవాలన్న ఒక్క పద్ధతిని తెచ్చుకోవడానికి మాత్రం పెద్ద ఖర్చేమీ కాదు.

ప్రశ్నలకిచ్చే అరగంట

స్పీకర్ ఈవెంట్ విలువ తేలేది ప్రసంగంలో కాదు, ఆ తర్వాత వచ్చే ప్రశ్నల్లో. ప్రసంగం ఎక్కడైనా దొరుకుతుంది, యూట్యూబ్‌లో కూడా. విశాఖలో కూర్చున్న విద్యార్థి స్టీల్‌ప్లాంట్ గురించో, అరకు ఏజెన్సీ గురించో, బీచ్‌రోడ్డు నిర్మాణాల గురించో ఒక ప్రజాప్రతినిధిని నేరుగా అడిగి, జవాబు సరిపోకపోతే మళ్లీ అడగగలగడం మాత్రం హాల్లోనే కుదురుతుంది.

మామూలుగా జరిగే వరస చూస్తే: జ్యోతి ప్రజ్వలన, స్వాగత పలుకులు, వేదిక మీద ఉన్న ప్రతి ఒక్కరి చేతా రెండు మాటలు, ముఖ్య అతిథి ఆలస్యంగా రావడం, శాలువా, మెమెంటో, ఫొటోలు. చివరికి ప్రశ్నలకు మిగిలేది పది నిమిషాలు, అవి కూడా ముందే చీటీల మీద రాయించి ఏరిన ప్రశ్నలు. చీటీలు తీసుకోవడం దానంతటది తప్పు కాదు, మైకు పట్టుకుంటేనే టెన్షన్ పడే విద్యార్థులకు అది మేలే. ఏరేది ఎవరు అన్నదే అసలు విషయం. ఒక లెక్చరర్, ఇద్దరు విద్యార్థులు కూర్చుని ఏరితే ఒకరకం ప్రశ్నలు పైకొస్తాయి, అతిథి పీఏ చూసి ఏరితే ఇంకోరకం.

ప్రశ్న అడిగిన విద్యార్థిని నాయకుడు గుర్తుపెట్టుకుంటాడు. చాలామందికి పబ్లిక్ ఆఫీసులో మొదటి పరిచయం ఇలాగే మొదలవుతుంది, బాగా అడిగావమ్మా, ఒకసారి ఆఫీసుకి రా అన్న మాటతో. ఆ మాట అన్న తర్వాత ఆఫీసుకి వెళ్తే ఎవర్ని కలవాలి, ఏం పని ఇస్తారు, ఎన్నాళ్లు అన్నది మాత్రం గాల్లోనే ఉంటుంది. ఇంట్లో ఎవరికో రాజకీయాల్లో పరిచయం ఉన్న విద్యార్థి ఈ ఖాళీని ఫోన్ కాల్‌తో దాటేస్తాడు. పాడేరు నుంచో, శ్రీకాకుళం పల్లె నుంచో వచ్చి మద్దిలపాలెంలో రూమ్ తీసుకుని చదివే మొదటి తరం విద్యార్థి మళ్లీ ఆ గుమ్మం ఎక్కడు. అతనికి తెలివి తక్కువై కాదు, దారి రాసిపెట్టి లేదు కాబట్టి.

పేరు ఒక్కటే, పథకాలు వేరు

అన్నింటికంటే ఎక్కువ తికమక పెట్టేది ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం. 2024 జులై బడ్జెట్‌లో ప్రకటించి, అదే ఏడాది అక్టోబర్‌లో పైలట్‌గా మొదలుపెట్టారు. పేరు చూసి ఇది ప్రభుత్వ ఆఫీసుల్లో పని అనుకునేవాళ్లున్నారు, నిజానికి పెద్ద కంపెనీల్లో ఏడాది శిక్షణ. పైలట్ నిబంధనల ప్రకారం 21 నుంచి 24 ఏళ్ల మధ్య వయసు, కుటుంబ ఆదాయం 8 లక్షలకు మించకూడదు, నెలకు 5,000 రూపాయలు, ఒకసారి 6,000 రూపాయల సాయం. ముఖ్యమైన షరతు ఏమిటంటే ఫుల్‌టైమ్ చదువులో ఉన్నవాళ్లు అర్హులు కారు. అంటే ఆ నిబంధనల ప్రకారం రెగ్యులర్ ఎంఏ చదువుతున్నవాళ్లకు ఇది వర్తించదు, చదువు ముగించి ఖాళీగా ఉన్నవాళ్ల కోసం పెట్టింది.

నీతి ఆయోగ్ ఇంటర్న్‌షిప్ దీనికి పూర్తిగా ఎదురు, అది చదువుతున్నవాళ్ల కోసమే. ప్రతి నెలా మొదటి పది రోజుల్లో ఆన్‌లైన్‌లో దరఖాస్తు తీసుకుంటారు, కనీసం ఆరు వారాలు, మార్కుల కట్ఆఫ్ గట్టిగా ఉంటుంది, స్టైపెండ్ ఉండదు. విదేశాంగ శాఖ ఇంటర్న్‌షిప్‌లో నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనం, సొంత రాష్ట్రం నుంచి ఢిల్లీకి రానుపోను విమాన చార్జీ ఇస్తారు, రాష్ట్రాల వారీగా ప్రాతినిధ్యం కూడా చూస్తారు. రెండు ఆఫీసులూ ఢిల్లీలోనే ఉన్నాయి, కానీ ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లే విద్యార్థికి ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది.

ఇక చట్టసభల పని మీద పరిశోధన చేసే పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ నడిపే ల్యాంప్. దీన్ని కూడా చాలామంది ఇంటర్న్‌షిప్ అనేస్తుంటారు, ఇది ఫెలోషిప్. డిగ్రీ పూర్తై 25 ఏళ్లు దాటనివాళ్లు వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల ముగింపు దాకా ఒక ఎంపీ దగ్గర ఫుల్‌టైమ్ పనిచేస్తారు, స్టైపెండ్ ఉంటుంది. చేసే పని ఏమిటంటే సభలో అడిగే ప్రశ్నలు తయారుచేయడం, చర్చకు నోట్సు రాయడం, ప్రైవేటు మెంబర్ బిల్లుకు సమాచారం సేకరించడం. లోక్‌సభలో ప్రశ్నకు నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి, గతంలో ఇదే ప్రశ్నకు మంత్రి ఏం చెప్పారో వెతకాలి, జవాబులో తప్పించుకునే వీలు లేకుండా ప్రశ్న కట్టాలి. రాజకీయాల్లో ఆసక్తి ఉన్న విద్యార్థి నేర్చుకోదగ్గ అసలైన పని ఇది. జెండా పట్టుకోవడం కంటే కష్టం, ఎక్కువ కాలం ఉపయోగపడేది కూడా.

వీటన్నింటి పక్కన ఇంకో రకం ఉంది, ఎన్నికల ప్రచార కన్సల్టెన్సీలు. 2019 ఎన్నికల్లో వైఎస్సార్‌సీపీకి ఐప్యాక్ పనిచేసినప్పటి నుంచి ఈ రంగం మన రాష్ట్రంలో బాగా తెలిసింది. సర్వేలు, సోషల్ మీడియా, బూత్ స్థాయి సమాచార సేకరణకు కాలేజీ కుర్రాళ్లను తీసుకుంటారు. డబ్బు వస్తుంది, పని వేగంగా నేర్చుకుంటారు, కానీ ఇది పార్టీ గెలుపు కోసం చేసే పని, ప్రజాప్రతినిధి ఆఫీసులో ప్రజల అర్జీల మీద చేసే పని కాదు. ఇంటింటికీ తిరిగి ఫోన్ నంబర్లు, కులం, పథకాల వివరాలు రాసుకునే విద్యార్థికి ఆ సమాచారం ఎక్కడికి పోతుందో ముందే అడిగే హక్కు ఉంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది, కాబట్టి ఈ ప్రశ్న ఇక ఊరికే అడిగేది కాదు.

క్రెడిట్లు వస్తాయా, రావా?

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్రశ్నకు ఇంకొంచెం బరువుంది. ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది: మొదటి ఏడాది తర్వాత రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత మరో రెండు నెలలు, ఆపైన ఒక పూర్తి సెమిస్టర్. ఆలోచన మంచిదే. ఇబ్బందల్లా ఒకేసారి అన్ని కాలేజీల పిల్లలూ బయటికి వస్తే అందరికీ నిజమైన పని చూపించే ఆఫీసులు అన్ని లేవు. దాంతో ఇంటర్న్‌షిప్ పేరుతో ఆన్‌లైన్ వీడియోలు, డబ్బు కడితే చేతికొచ్చే సర్టిఫికెట్లు మార్కెట్లోకి వచ్చాయి. విద్యార్థి డబ్బు కట్టి ఇంటర్న్‌షిప్ కొనుక్కోవడం ఆ నిబంధన ఉద్దేశానికే విరుద్ధం.

ఇదే నిబంధన రాజకీయశాస్త్రం, చరిత్ర, ఎకనామిక్స్, తెలుగు చదివేవాళ్లకు మంచి అవకాశంగా మారొచ్చు. ఒక ప్రజాప్రతినిధి ఆఫీసులోనో, నగరపాలక సంస్థలోనో చేసిన రెండు నెలల పనిని లాగ్‌బుక్, రిపోర్టు, వైవాతో లెక్కలోకి తీసుకోవచ్చు. దానికి కాలేజీ ముందే ఒప్పుకోవాలి, పర్యవేక్షించే లెక్చరర్ ఉండాలి, అటు ఆఫీసులో సంతకం పెట్టే బాధ్యుడు ఉండాలి. పని అంతా అయ్యాక సర్టిఫికెట్ తెచ్చి చూపిస్తే కాలేజీ ఒప్పుకోకపోవచ్చు, చాలామంది దెబ్బతింటున్నది ఇక్కడే.

లా విద్యార్థులకు దారి ఇంకా స్పష్టంగా ఉంది. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సుకు కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఎక్కడ చేయొచ్చో చెప్పే జాబితాలో లాయర్లు, కోర్టులతో పాటు శాసనసభలు, పార్లమెంటు, స్థానిక సంస్థలు కూడా ఉన్నాయి. నగరంలో ఏయూ లా కాలేజీ, దగ్గర్లోని సబ్బవరంలో దామోదరం సంజీవయ్య నేషనల్ లా యూనివర్సిటీ ఉన్న చోట ఈ వెసులుబాటును ఇంకా బాగా వాడుకోవచ్చు.

ఖర్చు లెక్క

జీతం లేని ఇంటర్న్‌షిప్ అందరికీ ఒకటే అన్నది కాగితం మీద మాట. ఢిల్లీలో ఆరు వారాలు ఉండాలంటే రూము, భోజనం, మెట్రో చార్జీలు, రైలు టికెట్లు ఇంటి నుంచే రావాలి. అది భరించగలిగిన ఇంటి పిల్లలకే నీతి ఆయోగ్ పేరు రెజ్యూమెలో ఎక్కుతుంది, ఆ పేరు తర్వాతి అవకాశాన్ని తెస్తుంది. అమెరికాలో ఇదే సమస్య మీద ఏళ్ల తరబడి గొడవ నడిచాక 2018లో కాంగ్రెస్ తన ఇంటర్న్‌లకు జీతాలిచ్చేందుకు ప్రత్యేకంగా నిధులు కేటాయించింది, ప్రతినిధుల సభలో ఒక్కో సభ్యుడి ఆఫీసుకు ఏడాదికి 20,000 డాలర్లు. మన ఎంపీలకు ఆఫీసు ఖర్చుల భత్యంలో సహాయకుల కోసం కొంత ఉంటుంది కానీ, ఇంటర్న్‌ల పేరుతో విడిగా నిధి లేదు.

స్టైపెండ్ ఇస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం పైలట్ మొదటి విడతలో 82,000కు పైగా ఆఫర్లు ఇస్తే, ఒప్పుకున్నవాళ్లు సుమారు 28,000, నిజంగా చేరినవాళ్లు 8,700 చిల్లర. దూరం ఎక్కువ కావడం, ఏడాది పాటు కట్టుబడాల్సి రావడం కారణాలుగా ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. ఇంటికి దగ్గరలో, సెలవుల్లో సరిపోయేంత కాలం, చదువు చెడకుండా ఉండే పని కావాలని విద్యార్థులు కోరుకుంటున్నారని ఈ లెక్కలే చెప్తున్నాయి.

విశాఖలోనే ఉన్న పని

అందుకే ఢిల్లీ వైపు చూసే ముందు ఆశీల్‌మెట్టలోని నగరపాలక సంస్థ ఆఫీసు వైపు చూడటం మేలు. జీవీఎంసీలో, అంటే మహా విశాఖ నగరపాలక సంస్థలో 98 వార్డులున్నాయి. ప్రతి వార్డుకూ ఒక కార్పొరేటర్, ప్రతి వార్డులో తాగునీరు, చెత్త, వీధిదీపాలు, కొండవాలు కాలనీల మెట్లు, ఇంటిపన్ను ఫిర్యాదులు. బడ్జెట్ ప్రతిపాదన చదివి తన వార్డుకు ఏమొచ్చిందో తేల్చిచెప్పే ఒక ఎకనామిక్స్ విద్యార్థి, ఫిర్యాదుల్ని వీధుల వారీగా మ్యాపు మీద పెట్టే ఒక జాగ్రఫీ విద్యార్థి ఏ కార్పొరేటర్‌కైనా పనికొస్తారు. నగరపాలక సంస్థలు, స్మార్ట్ సిటీల్లో ఇంటర్న్‌ల కోసం కేంద్రం 2020లో ట్యులిప్ అనే కార్యక్రమం కూడా పెట్టింది, అది డిగ్రీ ఫలితాలు వచ్చి 18 నెలలు దాటనివాళ్లకు. 2016లో ప్రకటించిన తొలి 20 స్మార్ట్ సిటీల్లో విశాఖ ఉంది.

ఎంపీ స్థాయిలో స్థానిక అభివృద్ధి పనులకు సిఫార్సు చేయడానికి ఏటా 5 కోట్ల రూపాయల ఎంపీల్యాడ్స్ నిధులుంటాయి. ఏ పనికి ఎంత సిఫార్సు చేశారు, ఎంత ఖర్చైంది, పని పూర్తైందా అన్నది వెళ్లి చూసి రాసే ఇంటర్న్ వల్ల ఎంపీకి కూడా లాభమే. ఉత్తరాంధ్రకు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఉన్నారు. డిగ్రీ అయిన మూడేళ్లకు గానీ ఆ ఓటు రాదు కాబట్టి ప్రస్తుత విద్యార్థులు ఆయన ఓటర్లు కారు, కానీ రేపటి ఓటర్లు. చదువు, ఉద్యోగాల సమస్యల మీద పనిచేసే ఇంటర్న్‌లను తీసుకోవడానికి అంతకంటే తగిన ఆఫీసు ఉండదు.

ఇవన్నీ జరగాలంటే చట్టాలేమీ మార్చక్కర్లేదు. ప్రసంగించే అతిథికి పంపే ఆహ్వాన పత్రంలోనే రెండు వాక్యాలు చేర్చొచ్చు: ప్రశ్నలకు కనీసం అరగంట ఇవ్వాలి, వేసవి సెలవుల్లో మీ ఆఫీసులో ఇద్దరు విద్యార్థులను తీసుకోగలరా, తీసుకుంటే బాధ్యుడెవరు. ఒప్పుకున్న ఆఫీసుల పేర్లు, పని వివరం, ఎన్ని వారాలు, ప్రయాణ ఖర్చులు ఇస్తారా లేదా అన్నది డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద తెలుగులో, ఇంగ్లిష్‌లో పెట్టాలి. దరఖాస్తు అందరికీ ఒకే ఫారం, ఎంపిక లెక్చరర్ల కమిటీది. అధికార, ప్రతిపక్షాలు రెండింటికీ ఒకే ఉత్తరం వెళ్లాలి, లేదంటే మొదటి ఏడాదే దీనికి ఒక పార్టీ రంగు పడుతుంది.

సమయం కూడా చూసుకోవాలి. ఎన్నికల కోడ్ వచ్చిందంటే ప్రభుత్వ యూనివర్సిటీల్లో నాయకుల కార్యక్రమాలు ఆగిపోతాయి, ఆ రోజుల్లో ఎమ్మెల్యే ఆఫీసులో ఇంటర్న్‌గా చేరితే అది దాదాపు ప్రచార పనే అవుతుంది. సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడో, అసెంబ్లీ, పార్లమెంటు సమావేశాలు ఎప్పుడో పక్కపక్కన పెట్టుకుని చూస్తే వేసవిలో నియోజకవర్గ పని, వర్షాకాల సమావేశాల ముందు ప్రశ్నల తయారీ సరిపోతాయి. వేసవికి ఇంటర్న్‌లను పంపాలనుకునే డిపార్ట్‌మెంట్ ఆఫీసులకు ఉత్తరాలు రాయాల్సింది జనవరి, ఫిబ్రవరి నెలల్లో, పరీక్షల హడావుడి మొదలయ్యేలోపు.